పేజీ పెట్టడం వేరు, దొరకడం వేరు

ఆ మధ్య కడియపులంక నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ రోడ్డు పక్కన నర్సరీ నడిపే ఆయన నాకు చాలా ఏళ్ళుగా పరిచయం. "సైటు పెట్టి ఐదు నెలలైందండీ. నర్సరీ పేరు కొడితే వస్తోంది. సపోటా అంటు అని కొడితే మాత్రం మా ఊసే లేదు. ఇంకో పదివేలు కడితే గూగుల్‌లో ఎక్కిస్తానని ఒకాయన అంటున్నాడు. కట్టెయ్యమంటారా?"

వద్దండీ, ఆ డబ్బు పెట్టి డ్రిప్పు పైపులు మార్పించుకోండి అన్నాను. సెర్చ్ ఫలితాల్లోకి ఒక పేజీని చేర్చుకోవడానికి గానీ, మాటిమాటికీ వచ్చి చూసిపోవడానికి గానీ, పైన చూపించడానికి గానీ గూగుల్ డబ్బు పుచ్చుకోదు. ఈ సంగతి వాళ్ళే బహిరంగంగా రాసిపెట్టారు. ప్రకటనలు వేరే వ్యాపారం. వాటికి ప్రకటన అన్న గుర్తు ఉంటుంది, డబ్బు అయిపోయిన రోజున అవి మాయమవుతాయి. కాబట్టి "ఇండెక్స్ చేయిస్తాను, ఇంత ఇవ్వండి" అన్నవాడు గూగుల్‌కి చెల్లించేదంటూ ఏమీ లేదు. పని చేసిపెట్టినందుకు కూలి అడిగితే అది న్యాయమే. ఆ పని ఏమిటో మీకు తెలిసి ఉంటే ఎంత ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

నర్సరీ కావచ్చు, కుట్టు క్లాసులు కావచ్చు, మీరు రాసిన కథలు కావచ్చు, మీ పేజీ సెర్చ్‌లో ఎందుకు కనబడడం లేదో మీరే తేల్చుకోగలగాలి. ఈ అధ్యాయం రాస్తున్నది అందుకే. దీనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. "నా పేజీ గూగుల్‌లో రావట్లేదు" అన్న ఒకే మాట వెనక మూడు వేరువేరు జబ్బులు ఉంటాయి. ఏ జబ్బో తెలియకుండా మందు వేయడం వల్లే నెలలు గడిచిపోతాయి.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. మనం ఒక మాట టైపు చేయగానే గూగుల్ ఇంటర్నెట్ అంతా వెతికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఇంటర్నెట్‌ని వెతకదు. అంతకుముందే తెచ్చి దాచుకున్న తన గిడ్డంగిలో వెతుకుతుంది. ఆ గిడ్డంగి పేరే ఇండెక్స్. అందులో వందల బిలియన్ల పేజీలు, అంటే మన లెక్కలో పదుల వేల కోట్ల పేజీలు ఉన్నాయనీ, దాని పరిమాణం 10 కోట్ల గిగాబైట్లకు పైమాటేననీ గూగుల్ చెబుతుంది. అంతటి రాశిలోంచి సెకను తిరక్కుండా జవాబు రావడానికి కారణం దాన్ని పేర్చిన తీరు. పెద్ద పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది కదా: "సపోటా – 41, 112, 260" అని. అచ్చం అలాగే ప్రతి మాటకూ ఎదురుగా ఆ మాట ఉన్న పేజీల జాబితా ముందే రాసి ఉంటుంది. మీరు "సపోటా అంటు" అని కొడితే "సపోటా" జాబితానూ "అంటు" జాబితానూ పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ ఉన్న పేజీలను పట్టుకుంటుంది. ఆ తర్వాతే ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క.

ఆ జాబితాలో మీ పేజీ అంకె లేకపోతే ముందూ వెనకా అన్న ప్రశ్నే రాదు. అక్కడికి చేరాలంటే మూడు మెట్లు ఎక్కాలి. మీ పేజీ ఒకటుందని సెర్చ్ ఇంజన్‌కి తెలియాలి. తెలిశాక వచ్చి చదవాలి. చదివాక దాచుకోదగ్గదే అనుకోవాలి.

తెలియడం

సెర్చ్ ఇంజన్‌కి ఊరిపేర్ల పట్టిక ఎవరూ ఇవ్వరు. ప్రపంచంలో కొత్తగా పుట్టిన పేజీలన్నిటినీ నమోదు చేసే కచేరీ ఎక్కడా లేదు. తెలిసిన పేజీలో కనిపించిన లింకు పట్టుకుని తెలియని పేజీకి వెళ్ళడమే మొదటినుంచీ ఉన్న దారి. 1993 డిసెంబరులో స్కాట్లండ్‌లోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయంలో జోనథన్ ఫ్లెచర్ జంప్‌స్టేషన్ పెట్టాడు. లింకుల వెంట తిరగడం, సూచిక తయారుచేయడం, అడిగినవాళ్ళకు వెతికి చూపడం, ఈ మూడు పనులూ ఒక్కచోట చేసిన మొదటిది అదే. యంత్రాలకు అంత శక్తి లేక అందులో పేజీల శీర్షికలు, హెడ్డింగులు మాత్రమే చేరేవి. 1994లో వచ్చిన వెబ్‌క్రాలర్ పేజీ మొత్తాన్నీ చదివింది. గూగుల్‌కి ముందు రూపమైన బ్యాక్‌రబ్ 1996 మార్చిలో తిరుగుడు మొదలుపెట్టింది. స్టాన్‌ఫర్డ్‌లోని లారీ పేజ్ సొంత హోంపేజీయే అది బయలుదేరిన చోటు. ఒక విద్యార్థి పేజీ నుంచి బయలుదేరి లింకు తర్వాత లింకు పట్టుకుంటూ ప్రపంచమంతా తిరిగింది. ఇన్నేళ్ళు గడిచినా ఆ పద్ధతి మారలేదు.

అందుకే నేను మొదట చూసేది లింకులు. నర్సరీ ఆయన సైటులో మొక్కల పేజీ తెరిచాను. మొదట పన్నెండు మొక్కల బొమ్మలు కనిపించాయి, కింద "మరిన్ని చూపించు" అని ఒక బటన్. అది నొక్కితే ఇంకో పన్నెండు, మళ్ళీ నొక్కితే ఇంకో పన్నెండు. సపోటా మూడో నొక్కుకి వచ్చింది. మనిషికి ఇందులో ఇబ్బందేమీ లేదు. కానీ గూగుల్ పంపే ప్రోగ్రాం, గూగుల్‌బాట్, బటన్లు నొక్కదు. వెతుకు పెట్టెలో మొక్క పేరు టైపు చేయదు. దానికి కావలసింది మామూలు లింకు: పేజీ కోడులో ఎ అనే ట్యాగు, అందులో హెచ్‌రెఫ్, దాని ఎదురుగా చేరవలసిన అడ్రసు. బటన్‌కి జావాస్క్రిప్ట్ తగిలించి ఆడించేది మన కంటికి లింకులా ఉన్నా దానికి గోడే. ఆ సైటులో గూగుల్‌కి తెలిసినవి మొదటి పన్నెండు మొక్కలే. మిగతా నూటపాతిక పైచిలుకు పేజీలు ఐదు నెలలుగా చీకట్లో ఉన్నాయి.

మీ సైటులో ఇది పరీక్షించడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. కంప్యూటర్‌లో ఆ బొమ్మ మీద గాని, పేరు మీద గాని మౌసు కుడి బటన్ నొక్కండి. "కొత్త ట్యాబులో తెరువు" అన్న వాక్యం వచ్చిందంటే అది చాలావరకు నిజమైన లింకే. రాకపోతే సైటు చేసినవాళ్ళను అడగాలి. అలాగే హోంపేజీ దగ్గర మొదలుపెట్టి వెతుకు పెట్టె వాడకుండా, లింకులు మాత్రమే నొక్కుతూ మీ ముఖ్యమైన పేజీకి వెళ్ళగలరేమో చూడండి. మూడు నాలుగు నొక్కుల్లో చేరితే సరే. దారే లేకపోతే ఆ పేజీ అనాథ.

నర్సరీ సైటుకి మేం చేసిన మార్పు పెద్దదేం కాదు. పండ్ల మొక్కలు, పూల మొక్కలు, నీడ మొక్కలు, కుండీ మొక్కలు అని నాలుగు జాబితా పేజీలు కట్టించి, ప్రతి జాబితాలో అన్ని పేర్లనూ మామూలు లింకులుగా పెట్టించాం. సపోటా పేజీ చివర జామకీ, సీతాఫలానికీ దారి ఉంది. జామ పేజీ నుంచి సపోటాకీ ఉంది. తోటలో ఒక బోదె నుంచి ఇంకో బోదెకు నీరు పారినట్టు ఒక పేజీ నుంచి ఇంకోదానికి దారి ఉండాలి.

బయటి సైటు నుంచి వచ్చే లింకు ఇంకా విలువైనది. అలాగని లింకులు కొనకండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. మీకు మొక్కలు సరఫరా చేసేవాళ్ళు, మీ దగ్గర కొన్న రిసార్టువాళ్ళు, మీ ఊరి సంఘం, వీళ్ళకు సైటు ఉంటే మీ పేరు దగ్గర లింకు పెట్టమని మర్యాదగా అడగండి. అదొక్కటి చాలు.

ఇక సైట్‌మ్యాప్. మీ సైటులో ఉన్న అడ్రసులన్నీ రాసిన ఒక ఫైలు. గూగుల్ దీన్ని 2005లో మొదలుపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కలిశాయి. ఒక ఫైలులో 50,000 అడ్రసుల వరకు పెట్టవచ్చు. మనలాంటివాళ్ళకు అది ఎప్పటికీ నిండదు. వర్డ్‌ప్రెస్ లాంటివి దాన్ని తమంతట తామే తయారుచేస్తాయి. అందులో ప్రతి పేజీకి ప్రాధాన్యం అంకె వేసే వీలుంది గానీ గూగుల్ దాన్ని పట్టించుకోదు. చివరిసారి ఎప్పుడు మార్చారన్న తేదీని మాత్రం, అది నిజమని తేలితే, లెక్కలోకి తీసుకుంటుంది. ఏమీ మార్చకుండా రోజూ తేదీ మార్చే సైట్ల తేదీని నమ్మడం మానేస్తుంది. సైట్‌మ్యాప్ ఉందంటే లింకులు అక్కర్లేదని అనుకోవద్దు. అది పెళ్ళి పిలుపు లాంటిది. పిలిచినంత మాత్రాన వస్తారని లేదు, ఇంటికి దారి లేకపోతే రావడం కష్టం కూడా.

వచ్చి చదవడం

అడ్రసు తెలిసింది. గూగుల్‌బాట్ గుమ్మం దాకా వచ్చింది. లోపలికి అడుగుపెట్టేముందు అది ఒక చిన్న ఫైలు అడుగుతుంది: రోబోట్స్ టెక్స్ట్. సైటు మొదట్లోనే ఉండే మామూలు అక్షరాల ఫైలు అది. 1994లో మార్టైన్ కోస్టర్ అనే ఆయన ఈ ఏర్పాటును ప్రతిపాదించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అందరూ మాట మీద పాటించాక 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 అన్న పేరుతో అధికారిక ప్రమాణంగా రాసుకున్నారు. ఫలానా భాగంలోకి రావద్దు అని అందులో రాస్తే మర్యాద తెలిసిన క్రాలర్లు, అంటే గూగుల్‌బాట్ లాంటి ప్రోగ్రాములు, రావు. అందులో "డిస్అలో" అన్న మాట పక్కన ఒకే ఒక్క వాలు గీత ఉందంటే, మొత్తం సైటులోకే రావద్దని అర్థం. ఆ వాలు గీత ఒక్కటి మిగిలిపోవడం వల్ల ఏడాది పని మూలన పడిన సైట్లు నేను చూశాను. మీ డొమైన్ పేరు చివర రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అని కొట్టి ఆ ఫైలు మీరే చదువుకోండి. నాలుగైదు వరసలకు మించి ఉండదు.

ఇక్కడే ఒక తికమక ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇందులో పడతారు. కొన్ని పేజీలు సెర్చ్‌లో రాకూడదని మీరే అనుకోవచ్చు: బిల్లు పేజీ, ధన్యవాదాల పేజీ లాంటివి. దానికి రోబోట్స్ ఫైలులో అడ్డు పెడితే సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. రోబోట్స్ ఫైలు చదవకుండా ఆపుతుంది అంతే. ఎక్కడో ఆ పేజీకి లింకు ఉంటే, చదవకుండానే అడ్రసును ఇండెక్స్‌లో పెట్టే అవకాశం ఉంది. ఇండెక్స్‌లోకి రాకుండా ఆపేది నోఇండెక్స్ అన్న ఇంకో గుర్తు. అది పేజీ లోపల ఉంటుంది. రెండూ కలిపి పెట్టడం వీధి గేటుకు తాళం వేసి, లోపల గోడ మీద "ఫొటోలు తీయవద్దు" అని రాసినట్టు. లోపలికి రానివాడు ఆ గోడ ఎలా చదువుతాడు? కనబడకూడదంటే గేటు తెరిచి ఉంచి, నోఇండెక్స్ పెట్టాలి.

అదే నోఇండెక్స్ వద్దనుకున్న చోట కూడా దూరి ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లోకి, అందులో రీడింగ్‌లోకి వెళితే, సెర్చ్ ఇంజన్లను ఈ సైటుకు దూరంగా ఉండమని చెప్పే ఒక టిక్కు గడి కనబడుతుంది. సైటు కడుతున్నన్నాళ్ళూ సగం సగం పేజీలు బయటకు రాకుండా దానికి టిక్కు పెడతారు, మంచిదే. పని పూర్తయి ఓపెనింగ్ రోజున దండలూ స్వీట్ల హడావిడిలో ఆ టిక్కు తీయడం మరిచిపోతారు. ఈ వాక్యం చదవగానే పుస్తకం పక్కన పెట్టి చూసుకుని రండి.

అడ్డులేవీ లేకపోయినా రాకపోకలు తగ్గడానికి ఇంకో కారణం సర్వర్ నిదానం. పేజీ తెరుచుకోవడానికి ఎక్కువసేపు పడితేనో, మాటిమాటికీ సర్వర్ ఎర్రర్లు వస్తేనో గూగుల్‌బాట్ మీ సర్వర్‌ని ఇబ్బంది పెట్టకుండా తనే వేగం తగ్గించుకుంటుంది. ఇంకొకటి మన దేశంలో తరచూ జరిగేది. హ్యాకర్ల భయంతో కొందరు హోస్టింగ్‌లో ఫైర్‌వాల్ పెట్టి విదేశాల నుంచి వచ్చే రాకపోకలన్నీ ఆపేస్తారు. మన కొనుగోలుదారులంతా ఇక్కడివాళ్ళే కదా అని. గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా అడ్రసుల నుంచి వస్తుంది. దొంగకని వేసిన తాళం చుట్టానికి కూడా పడుతుంది.

"క్రాల్ బడ్జెట్" అన్న మాట ఎవరైనా మీ దగ్గర వాడితే కంగారు పడకండి. అది లక్షల పేజీలున్న సైట్ల సమస్య. కొన్ని వందలు, వేయి రెండు వేల పేజీలున్నవాళ్ళు ఆలోచించవలసిన పని లేదు.

గూగుల్‌బాట్ ఫోన్ వేషంలో వస్తుంది. మొబైల్‌లో కనబడే పేజీనే ఆధారంగా తీసుకోవడం 2016లో మొదలుపెట్టి 2023 అక్టోబరు నాటికి ఆ మార్పు ముగించామని గూగుల్ ప్రకటించింది. కంప్యూటర్‌లో నిండుగా కనబడుతూ, ఫోన్‌లో స్థలం చాలదని సగం వివరాలు తీసేసిన పేజీ ఉంటే, ఆ తీసేసిన సగం గూగుల్ దృష్టిలో లేదు. మీ పేజీని మీరెప్పుడూ ఫోన్‌లోనే చదివి చూసుకోండి.

తెలుగు అక్షరం యంత్రానికి కనబడాలి

ఇది తెలుగులో రాసేవాళ్ళ సొంత కష్టం కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా 2000 తర్వాత కూడా చాలాకాలం మన పెద్ద పత్రికల సైట్లు చాలావరకు సొంత ఫాంట్లతో నడిచాయి. ఆ ఫాంటు దించుకుంటే తెరమీద చక్కటి తెలుగు కనబడేది. లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలే. ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేసేది. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అన్న పొడిగింపు పెట్టుకుని యూనికోడ్‌లోకి మార్చుకుని చదివిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మనిషి అలా చదువుకున్నాడు, సెర్చ్ ఇంజన్‌కి ఆ ముసుగు లేదు. అందుకే ఆ రోజుల్లో అలా అచ్చయిన వార్తలు, కథలు, వ్యాసాలు తెలుగు మాట కొడితే దొరకవు. రాసినవాళ్ళ శ్రమ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ కష్టం తీరిపోయిందనుకుంటాం. తీరలేదు. డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లతో కట్టిన కరపత్రం, సావనీరు, ధరల పట్టిక పీడీఎఫ్‌గా మార్చి సైటులో పెడితే అదే కథ మళ్ళీ మొదలవుతుంది. పరీక్ష అర నిమిషం పని. పీడీఎఫ్ తెరవండి, రెండు వాక్యాలు వేలితో ఎంచుకుని కాపీ చేయండి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే పెట్టెలో పేస్టు చేయండి. తెలుగు తెలుగుగానే వస్తే క్షేమం. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, గీతలు కలగాపులగంగా వచ్చాయా, క్రాలర్‌కి కనబడేదీ అదే. ఏమీ ఎంచుకోనివ్వకపోతే అది బొమ్మ. నర్సరీ ఆయన ధరల పట్టిక ఫ్లెక్సీకి కట్టించిన బొమ్మే. నూటనలభై మొక్కల పేర్లు రంగురంగుల్లో ఉన్నాయి, ఒక్క అక్షరం కూడా అక్షరంగా లేదు. వాళ్ళమ్మాయి రెండు సాయంత్రాలు కూర్చుని ఫోన్‌లోనే అంతా తెలుగులో టైపు చేసింది.

అడ్రసులో తెలుగు పెట్టవచ్చా అని కూడా అడుగుతుంటారు. పెట్టవచ్చు, సెర్చ్ ఇంజన్లకు అభ్యంతరం లేదు. ఒక్క అసౌకర్యం ఉంది. "అమ్మ" అన్న మాటలో యంత్రం లెక్కన నాలుగు గుర్తులు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. ఒక్కొక్కటి మూడు బైట్లు, ఒక్కో బైటును లింకులో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా రాస్తారు. రెండక్షరాల అమ్మ లింకు కాపీ చేసేసరికి ముప్పై ఆరు అక్షరాలవుతుంది. మెసేజ్‌లో పంపినప్పుడు మధ్యలో తెగిపోతే లింకు పనిచేయదు. మీ ఇష్టం ఎటైనా సరే, పెట్టాక మార్చకండి. మార్చక తప్పకపోతే పాత అడ్రసు నుంచి కొత్తదానికి శాశ్వత మళ్ళింపు, అంటే 301 రీడైరెక్ట్ పెట్టించండి.

చేర్చుకోవడం

తెలిసింది, చదివింది. అయినా చేర్చుకోవాలని నియమం లేదు. చదివిన ప్రతి పేజీనీ దాచుకుంటామని గూగుల్ ఎక్కడా మాట ఇవ్వలేదు. ఈ మెట్టు దగ్గర ఆగిన పేజీకి సాంకేతిక మందులు పనిచేయవు.

ఆగడానికి ఒక కారణం నకళ్ళు. నర్సరీ సైటులో ఎత్తును బట్టి, కుండీ సైజును బట్టి, ధరను బట్టి వడపోసుకునే వీలుంది. ప్రతి వడపోతకూ అడ్రసు చివర ప్రశ్నార్థకం, దాని తర్వాత ఏవో అక్షరాలు చేరి కొత్త అడ్రసు పుడుతుంది. లోపల ఉన్నది అదే సపోటా. గూగుల్ ఒకేలా ఉన్న పేజీలను ఒక గుంపుగా కట్టి అందులో ఒకదాన్ని అసలుదిగా ఎంచుకుంటుంది, మిగతావాటిని పక్కన పెడుతుంది. మనకు కావలసినది అది ఎంచుకునేలా చూడడానికి కెనానికల్ అన్న గుర్తు ఉంది. 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చాయి. ప్రతి నకలులోనూ "నా అసలు అడ్రసు ఇదీ" అని అది చెబుతుంది. అది సూచనే, ఆజ్ఞ కాదు. కాబట్టి మీ లింకులు, సైట్‌మ్యాప్ కూడా అదే అడ్రసును చూపించాలి.

మొక్కలు అయిపోయినప్పుడు ఆయన చేసిన పని ఇంకొకటి నన్ను బాధపెట్టింది. సీజను అయిపోగానే మామిడి అంట్ల పేజీ తీసేశారు, మళ్ళీ తొలకరికి కొత్త పేజీ కొత్త అడ్రసుతో పెడదామనుకున్నారు. అన్నాళ్ళూ ఆ పేజీ సంపాదించుకున్న పరిచయమంతా ఆ తీసివేతతో పోతుంది. పేజీని అలాగే ఉంచి "ఇప్పుడు స్టాకు లేదు, తొలకరికి వస్తాయి" అని ఒక వాక్యం రాస్తే చాలు.

రెండో కారణం చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంటుంది. పేజీలో చెప్పుకోదగ్గది ఏమీ లేకపోవడం. సపోటా పేజీలో ఉన్నది నాలుగు వాక్యాలు. మా వద్ద నాణ్యమైన మొక్కలు సరసమైన ధరలకు లభించును, అన్న తీరులో. సపోటా తీసి జామ అని పెడితే అదే జామ పేజీ. నూటనలభై పేజీల్లోనూ అదే మూస. సెర్చ్ ఇంజన్ వైపు నుంచి ఆలోచించండి. ఇలాంటిది ఇప్పటికే వేలల్లో దాచుకున్నాక ఇంకొకటి ఎందుకు?

అప్పుడు ఆయనను ఒక ప్రశ్న అడిగాను. మీ దగ్గర సపోటా కొన్నవాళ్ళు తర్వాత ఫోన్ చేసి ఏమడుగుతారు? ఇక ఆయన ఇరవై నిమిషాలు ఆగలేదు. "అంటు కట్టిన చోటు మట్టిలో కప్పెట్టేస్తారండీ, అది పైకి ఉండాలి. అంటు కింద నుంచి చిగుళ్ళొస్తే మొక్క బాగా లేస్తోందని మురిసిపోతారు. అవి వేరుమొక్క చిగుళ్ళండీ, తుంచెయ్యకపోతే అదే పెరిగి పైన మనం కట్టిన అంటు చస్తుంది. క్రికెట్ బాల్ రకం కాయ పెద్దదండీ, గుండ్రంగా ఉంటుంది. కాలీపత్తి కోలగా ఉంటుంది, తీపి దానిదే." ఆ ఫోన్ రికార్డు చేసి ఉంచాను. వాళ్ళమ్మాయి దాన్నే ఆయన మాటల్లోనే రాసి, అంటు ముడి దగ్గరగా తీసిన ఫొటో పెట్టింది. నలభై ఏళ్ళ చేతిపనిలోంచి వచ్చిన మాటలవి. అలాంటి మాటలు మీ వృత్తిలో మీ దగ్గరా ఉన్నాయి.

రాసేటప్పుడు కొనేవాళ్ళు వాడే మాటలే వాడండి. ఇండెక్స్ మాటల మీద నిలబడిందని చెప్పుకున్నాం. జనం "అంటు మొక్క" అంటే మీరు "గ్రాఫ్టెడ్ శాప్లింగ్" అని మాత్రమే రాస్తే ఇద్దరూ కలుసుకోరు. అంటు, అంట్లు, మొక్క, మొక్కలు, చెట్టు, ఇవన్నీ మామూలు వాక్యాల్లో వాటంతటవే వస్తాయి. ఒకే మాటను ఇరవైసార్లు కుక్కనక్కర్లేదు.

ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుసుకోవడం

ఇదంతా ఊహించుకోనక్కర్లేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. సైటు మీదేనని ఒకసారి నిరూపించుకోవాలి, డొమైన్ కొన్నచోట ఒక వరస చేరిస్తే అయిపోతుంది. ఇది మీ సొంత జీమెయిల్‌తో చేయించండి. సైటు చేసిన కుర్రాడి ఖాతాలో పెట్టకండి. రేపు అతను ఉద్యోగం మారితే మీ సైటు ఆరోగ్యం మీకు తెలిసే దారే పోతుంది.

అందులో అన్నిటికంటే పైన ఒక పొడవాటి పెట్టె ఉంటుంది. మీ పేజీ అడ్రసు పూర్తిగా అందులో వేసి ఎంటర్ కొట్టండి. వచ్చే వాక్యాన్ని అక్షరం వదలకుండా చదవండి. "యూఆర్ఎల్ ఈజ్ అన్‌నోన్ టు గూగుల్" అని వస్తే ఆ పేజీ ఉందనే దానికి తెలియదు. మొదటి మెట్టు, లింకులు చూసుకోవాలి. "డిస్కవర్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అంటే తెలుసు గానీ ఇంకా వచ్చి చదవలేదు. రెండో మెట్టు. "క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అంటే వచ్చి చదివింది, చేర్చుకోలేదు. మూడో మెట్టు, రాత చూసుకోవాలి. ఈ రెండింటికీ తేడా మొదటి మాట ఒక్కటే. ఆ ఒక్క మాట గమనించక, రాత మార్చవలసిన చోట సర్వర్ మార్చినవాళ్ళు, లింకులు పెట్టవలసిన చోట రాసిందే తిరగరాసినవాళ్ళు ఎందరో ఉన్నారు.

అక్కడే ఇండెక్స్ చేయమని అడిగే బటన్ ఉంది. లోపం సరిచేశాక ఒకసారి నొక్కండి. రోజూ నొక్కినా పని వేగంగా జరగదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టవచ్చని గూగుల్ చెబుతుంది. సెర్చ్‌లో సైట్ అన్న ఇంగ్లీషు మాట, కోలన్, వెంటనే మీ డొమైన్ కొట్టి చూడడం తొందరగా ఓ అంచనాకు పనికొస్తుంది గానీ అది పూర్తి జాబితా కాదు.

బింగ్‌ని వదిలేయకండి. డక్‌డక్‌గో, యాహూ కూడా చాలావరకు దాని ఇండెక్స్ మీదే ఆధారపడతాయి. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ సెర్చ్ కన్సోల్ నుంచే వివరాలు తెచ్చుకుంటుంది, పది నిమిషాల పని. పేజీ మార్చగానే మనమే కబురు పంపే ఇండెక్స్‌నౌ అన్న ఏర్పాటును 2021లో మైక్రోసాఫ్ట్ బింగ్, యాండెక్స్ మొదలుపెట్టాయి. గూగుల్ మాత్రం అందులో చేరలేదు.

నర్సరీ సైటులో లింకులు సరిచేసిన పదకొండో రోజున సపోటా పేజీ ఎదుట "అన్‌నోన్" పోయి "క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" వచ్చింది. ఆయన నీరసపడ్డారు. నాకు సంతోషం వేసింది, రెండు మెట్లు దాటేసింది కాబట్టి. వాళ్ళమ్మాయి రాసిన కొత్త పేజీ పెట్టిన మూడో వారంలో అది ఇండెక్స్‌లోకి చేరింది. మొదట దాన్ని పట్టుకుని ఫోన్ చేసినాయన మొక్క కొనడానికి చేయలేదట. వాళ్ళింట్లో అంటు కింద చిగుళ్ళు వస్తున్నాయి, తుంచాలా వద్దా అని అడిగాడట. ఇంకా ఎనభై చిల్లర పేజీలు మూస రాతతోనే ఉన్నాయి. సాయంత్రం నీళ్ళు పెట్టడం అయ్యాక ఆయన చెబుతుంటే అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేస్తోంది, రోజుకో మొక్క. నిన్న సీతాఫలం అయింది.